మిద్దె గదులకు, తోట నిర్మాణాలకు కాంపోజిట్ క్లాడింగ్: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్

కాంపోజిట్ క్లాడింగ్ అంటే రెండు లేదా అంతకన్నా ఎక్కువ పదార్థాలను కలిపి పలకలుగా, బోర్డులుగా తయారుచేసి గోడ బయటివైపు బిగించే తొడుగు. కలప పొడిని ప్లాస్టిక్‌తో కలిపిన డబ్ల్యూపీసీ పలకలు, సెల్యులోజ్ పీచు వేసిన ఫైబర్ సిమెంట్ బోర్డులు, కలప ముక్కలను సిమెంటుతో అదిమిన బోర్డులు, రెజిన్‌లో తడిపిన కాగితాన్ని వేడితో వత్తిన హెచ్‌పీఎల్ షీట్లు ఇందులో ముఖ్యమైనవి. ఇవి కట్టడం బరువును మోయవు. ఆ పని లోపలి ఫ్రేమ్‌ది. ఎండను, వానను, చెదను ఆపడం, చూడ్డానికి చెక్కలా ఉండడం వీటి పని.

ఐరోపా, అమెరికాల్లో ఈ పలకలను పెరటి షెడ్లకు, తోటలోని గదులకు వాడతారు. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో పెరడు మిగిలిన ఇళ్లు తక్కువ. తోట మిద్దె మీదికి ఎక్కింది. కాబట్టి ఇక్కడ తోట నిర్మాణమంటే ఎక్కువగా మిద్దెమీది గది, కుండీల మధ్య పెర్గోలా, పనిముట్ల అర, అపార్ట్‌మెంట్ గేటు పక్కన వాచ్‌మన్ గది. కాంపోజిట్ అన్న పేరుతో అమ్మేవన్నీ ఒకే గుణం ఉన్నవి కావు. ఒక చోట ఇరవై ఏళ్లు నిలిచే పలక ఇంకో చోట రెండు వేసవులకే వంగిపోవచ్చు.

స్థానిక నేపథ్యం

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వరకు సాగే రోడ్డు ఈ ప్రాంతానికి వెన్నెముక. 2020 ఫిబ్రవరిలో మొదలైన జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రో మార్గం ఈ రోడ్డు మీదుగానే వెళుతుంది. పడమటి వైపు అశోక్‌నగర్, దాని అవతల 1978లో ప్రారంభమైన ఇందిరా పార్కు ఉన్నాయి. కాంపౌండు గోడ, బావి, జామచెట్టు ఉన్న విడి ఇళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచాక మొక్కలకు, సామానుకు, అదనపు గదికి మిద్దె తప్ప వేరే చోటు మిగల్లేదు.

దీనికి తోడు అశోక్‌నగర్ గ్రూప్స్, ఇతర పోటీ పరీక్షల కోచింగ్‌కు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేరున్న చోటు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ హాస్టళ్లు, స్టడీ హాళ్లు పెరిగాయి. చదువుకునేవారికి అద్దెకు ఇచ్చే మిద్దెమీది గదుల్లో చాలావాటికి ఇటుక గోడా, రేకు కప్పూ ఉంటాయి. వాటిని కొత్తగా కట్టేటప్పుడో, పాతవాటికి రూపు మార్చేటప్పుడో క్లాడింగ్ మాట వస్తుంది.

నేలమట్టంలో సమస్య వేరు. హుస్సేన్‌సాగర్ నుంచి మిగులు నీటిని మూసీకి తీసుకుపోయే నాలా అశోక్‌నగర్ పక్కగా సాగుతుంది. పెద్ద వాన పడితే దాని ఒడ్డున ఉన్న లోతట్టు వీధుల్లో నీరు నిలుస్తుంది. అలాంటి చోట గేటు గదికి వేసిన చెక్క పలక అడుగుభాగం పదేపదే నానుతుంది, నానిన చెక్కకు చెద త్వరగా పడుతుంది.

కలప స్థితి

హైదరాబాద్ ఇళ్లకు తలుపులు, ద్వారబంధాలు చాలాకాలం ఆదిలాబాద్ అడవుల టేకుతో, సరిహద్దు అవతలి బల్లార్షా నుంచి వచ్చిన సీపీ (సెంట్రల్ ప్రావిన్సెస్) టేకుతో చేశారు. బర్మా టేకు ఖరీదైన ఇళ్లకు వెళ్లేది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించడంతో ఆ దారి ఇరుకైంది. ఘనా వంటి దేశాల తోట టేకు ఇప్పుడు డిపోల్లో కనిపిస్తుంది. రాష్ట్రంలో చెట్టు కొట్టడం 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా పరిధిలోకి వస్తుంది.

టేకు మన్నిక అంతా దాని చేవలో ఉంది. చేవలోని సహజ నూనెలు, రసాయనాలు చెదను, బూజును దరిచేరనివ్వవు. చెట్టు బయటి వలయాల్లోని లేత రంగు కర్రకు ఆ రక్షణ లేదు. వయసు నిండకుండా కొట్టిన తోట టేకులో చేవ భాగం తక్కువ కాబట్టి టేకు అని కొన్న పలకకు కూడా చెద పట్టవచ్చు. చవక కర్రలను ఒత్తిడితో మందు ఎక్కించి వాడవచ్చు. ఈ పద్ధతులకు ఐఎస్ 401 అనే భారతీయ ప్రమాణం ఉంది. అయితే చిన్న పనులకు వడ్రంగి దగ్గర జరిగేది సాధారణంగా బ్రష్‌తో పైపూత మాత్రమే. అది కర్ర లోపలికి దిగదు.

మంచి టేకైనా ఎండావానల్లో వదిలేస్తే కొన్ని నెలల్లో బూడిద రంగుకు మారుతుంది. రంగు నిలవాలంటే ఏడాది, రెండేళ్లకోసారి నూనె లేదా పాలిష్ పట్టించాలి. కాంపోజిట్ వైపు చాలామందిని లాగేది ఈ పదేపదే చేయాల్సిన పని.

చరిత్ర

కలప పొడిని రెజిన్‌తో కలపడం కొత్త ఆలోచన కాదు. లియో బేక్‌లాండ్ 1907లో తయారుచేసిన బేకలైట్‌లో కలప పొడి ముఖ్యమైన పూరక పదార్థం. ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ 1901లో ఆస్‌బెస్టాస్ పీచును సిమెంటుతో కలిపి పలచని రేకులు చేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. నేటి ఫైబర్ సిమెంట్ బోర్డులను తయారుచేసేది చాలావరకు ఆయన యంత్రం పద్ధతిలోనే.

సిమెంటు రేకుల పరిశ్రమకు హైదరాబాద్‌తో గట్టి సంబంధం ఉంది. 1946లో స్థాపించిన హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ సనత్‌నగర్‌లో రేకులు తయారుచేసింది. చార్మినార్ రేకులన్న పేరు ఆ కంపెనీదే. అది తర్వాత హైదరాబాద్ ఇండస్ట్రీస్, హెచ్ఐఎల్‌గా మారి 2025లో బిర్లాను అన్న పేరు తీసుకుంది. 1981లో మొదలైన, సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే విశాక ఇండస్ట్రీస్ కూడా సిమెంటు రేకులతోనే ఎదిగింది. ముడిసరుకు ఒకప్పుడు కొంత తెలుగు నేల నుంచే వచ్చేది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో క్రైసోటైల్ ఆస్‌బెస్టాస్ గనులు ఉండేవి.

ఆస్‌బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, మీసోథీలియోమాకు కారణమని తేలాక 1980ల్లో ఆస్ట్రేలియా కంపెనీ జేమ్స్ హార్డీ దాని స్థానంలో కలప గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ పీచును వాడింది. ఐరోపా సమాఖ్య 2005 నుంచి ఆస్‌బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది. భారతదేశంలో ఆస్‌బెస్టాస్ రేకుల తయారీపై అలాంటి నిషేధం లేదు. అయితే ఫైబర్ సిమెంట్ ఫ్లాట్ బోర్డుల్లో ఆస్‌బెస్టాస్ లేని రకాలను ఇక్కడి కంపెనీలే తయారుచేస్తున్నాయి. విశాక కంపెనీ వీనెక్స్ట్ పేరుతో అమ్మే బోర్డులకు మిర్యాలగూడ దగ్గర ఒక ఫ్యాక్టరీ ఉంది.

డబ్ల్యూపీసీ పలకలు విస్తరించింది అమెరికాలో. మొబిల్ కంపెనీ కాంపోజిట్ విభాగం నుంచి 1996లో ట్రెక్స్ అనే కంపెనీ వేరుపడింది. వాడి పారేసిన ప్లాస్టిక్ సంచులను, రంపపు పొట్టును కలిపి పలకలు చేయడం దాని ప్రత్యేకత. క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిసిన సీసీఏ మందు పట్టించిన కర్రను ఇళ్ల పనులకు తయారుచేయడం 2003 చివరికల్లా అక్కడ ఆగిపోవడంతో ఈ పలకలకు గిరాకీ పెరిగింది.

రకాలు

డబ్ల్యూపీసీ: హెచ్‌డీపీఈ లేదా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో సుమారు సగం, అంతకుమించి కలప పొడి కలిపి వేడి అచ్చుగుండా పలకలుగా తోస్తారు. కర్ర నీటిని ఇష్టపడుతుంది, ప్లాస్టిక్ ఇష్టపడదు. రెండూ అతుక్కోవడానికి మలేయిక్ ఆన్‌హైడ్రైడ్ కలిసిన జోడింపు పదార్థం వేస్తారు. రంగు నిలవడానికి అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పదార్థాలు కలుపుతారు. మేలైన రకాల్లో పలక చుట్టూ పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వీటిని క్యాప్డ్ పలకలంటారు. కలప పొడి బదులు వరి ఊక వాడే రకాలూ ఉన్నాయి.

పీవీసీ ఫోమ్ బోర్డు: హైదరాబాద్ హార్డ్‌వేర్ దుకాణాల్లో డబ్ల్యూపీసీ అని అడిగితే చాలాసార్లు ఇచ్చేది ఇదే. ఇది పీవీసీని నురుగుగా ఉబ్బించి చేసిన బోర్డు. ఇందులో కలప పొడి కొద్దిగా ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. బాత్రూమ్ తలుపులకు, వంటగది అరలకు బాగా పనికొస్తుంది. నీటికి చెడదు, చెద పట్టదు. బయటి గోడకు, ముఖ్యంగా ముదురు రంగులో, ఇది తగదు. పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరలోనే మెత్తబడుతుంది. మే ఎండలో ముదురు రంగు ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే.

ఈ రెండింటినీ దుకాణంలోనే వేరు చేయవచ్చు. కోసిన అంచును చూస్తే ఫోమ్ బోర్డు లోపల సన్నని నురుగు గదులు, తెలుపు లేదా లేత మీగడ రంగు కనిపిస్తాయి. హెచ్‌డీపీఈ పలక అంచు గోధుమ రంగులో, కలప రేణువుల చుక్కలతో ఉంటుంది. బోలు భాగం లేని చిన్న ముక్కను బకెట్ నీటిలో వేస్తే ఫోమ్ బోర్డు తేలుతుంది, హెచ్‌డీపీఈ డబ్ల్యూపీసీ మునుగుతుంది. మొదటిదాని సాంద్రత నీటికన్నా తక్కువ, రెండోదాని సాంద్రత 1.1 నుంచి 1.3 వరకు ఉండడమే కారణం.

ఫైబర్ సిమెంట్: సిమెంటు, సన్న ఇసుక లేదా ఫ్లై యాష్, సెల్యులోజ్ పీచు కలిపి పొరలుగా చేసి ఆవిరితో గట్టిపరుస్తారు. ఫ్లాట్ బోర్డులకు ఐఎస్ 14862 ప్రమాణం ఉంది. చెక్క గీతల అచ్చు వేసిన పలకలు క్లాడింగ్‌కు దొరుకుతాయి. రంగు పైన వేయాల్సిందే, కొన్నేళ్లకు తిరిగి వేయాల్సిందే. మూలలు దెబ్బ తగిలితే విరుగుతాయి.

సిమెంటు-కలప బోర్డు: బరువులో సగానికి పైగా సిమెంటు, పావు వంతుకు పైగా కలప ముక్కలు ఉంటాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌సీఎల్ ఇండస్ట్రీస్ బైసన్ ప్యానెల్ పేరుతో దీన్ని తయారుచేస్తుంది. ఒక ఫ్యాక్టరీ ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఉంది. దీని ప్రమాణం ఐఎస్ 14276. కర్ర ముక్క చుట్టూ సిమెంటు పేరుకుపోవడంతో చెదకు తిండి అందదు.

హెచ్‌పీఎల్: క్రాఫ్ట్ కాగితాన్ని ఫినాలిక్ రెజిన్‌లో తడిపి, పైన చెక్క బొమ్మ ఉన్న పొర వేసి, ఎక్కువ ఒత్తిడిలో వత్తుతారు. బయటి వాడకానికి ప్రత్యేక గ్రేడు ఉంటుంది. లోపలి అల్మారాలకు అతికించే పలచని లామినేట్‌ను బయట వాడితే పొరలు లేస్తాయి. అపార్ట్‌మెంట్ ఎలివేషన్లలో ఈ షీట్లు ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నాయి.

ఏసీపీ షీట్లు కూడా కాంపోజిట్లే. అయితే రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న ఆ షీట్లను దుకాణాల ముందుభాగాలకు వాడతారు. కలపకు బదులుగా వాటిని ఎంచుకునేది అరుదు.

ఎండలో, వానలో

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకే. మిగతా కాలమంతా పొడి, వేసవిలో 40 డిగ్రీలు దాటే పగళ్లు. ఏడాది పొడవునా తేమగా ఉండే ఇంగ్లండ్ తోటల్లో పలకకు మొదటి పరీక్ష కుళ్లు. ఇక్కడ మొదటి పరీక్ష వేడి, రెండోది చెద. బయటి దేశాల బ్రోషర్లలోని హామీలను ఈ తేడా దృష్టిలో పెట్టుకుని చదవాలి.

హెచ్‌డీపీఈ డబ్ల్యూపీసీ పొడవు వైపు వేడికి మీటరుకు, డిగ్రీకి సుమారు 0.04 మిల్లీమీటర్లు సాగుతుంది. 3 మీటర్ల పలక జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల నుంచి మే మధ్యాహ్నం 60 డిగ్రీలకు చేరితే 5 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. దాన్ని బిగించిన ఉక్కు పైపు అదే సమయంలో అందులో మూడో వంతు కూడా పెరగదు. పలకకు కదిలే చోటు లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది, లేదా స్క్రూ దగ్గర చీలుతుంది. కలప పొడవునా ఇంత సాగదు కానీ తేమకు అడ్డంగా ఉబ్బుతుంది. ఫైబర్ సిమెంట్‌కు రెండు కదలికలూ తక్కువ.

డబ్ల్యూపీసీ కుళ్లదు అన్నది పూర్తి నిజం కాదు. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ నడకదారి పలకల్లో ఫంగస్ పట్టడాన్ని పరిశోధకులు 1998లో ప్రచురించారు. పైపొర దగ్గరి కలప రేణువులకు నీరు అందితే ఫంగస్‌కు దారి దొరికినట్టే. క్యాప్డ్ పలకల్లో ఈ ప్రమాదం తక్కువ, అయితే కోసిన చివరలు అక్కడా బట్టబయలే. మొదటి వేసవిలో క్యాప్ లేని పలక రంగు గమనించదగినంత వెలిసి, తర్వాత దాదాపు స్థిరపడుతుంది. నమూనా ముక్క రంగు చూసి ఎంచుకునేవారు ఆ వెలిసిన రంగునే ఊహించుకోవాలి.

పలక ఏదైనా దానంతట అది గదిని చల్లబరచదు. 10 నుంచి 20 మిల్లీమీటర్ల మందం వేడిని ఆపడానికి చాలదు. గోడలో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ నింపడం, కప్పు రేకు కింద అదే పని చేయడం, పలక వెనక గాలి ఆడనివ్వడం గదిలో తేడా తెస్తాయి.

బిగించే పద్ధతి

మిద్దె గదికి పడమటి గోడ కష్టమైనది. సాయంత్రం వాలు ఎండ నేరుగా దానిమీద పడుతుంది. ఆ గోడను అడుగు నుంచి పైకి చూస్తే పని క్రమం ఇలా ఉంటుంది.

ముందు స్లాబు మీద 6 అంగుళాల ఎత్తు కట్ట కడతారు. ఫ్రేమ్ పాదాలను ఆ కట్టకే బిగించాలి. స్లాబులోకి నేరుగా డ్రిల్లు వేస్తే వాటర్‌ప్రూఫింగ్ పోయి కింది ఫ్లాట్‌లో చెమ్మ దిగుతుంది. కట్ట మీద జింకు పూత ఉన్న జీఐ లేదా మామూలు ఉక్కు ఎంఎస్ పైపుల ఫ్రేమ్ నిలబెడతారు. ఎంఎస్ అయితే వెల్డింగ్ మచ్చలన్నిటికీ ప్రైమర్ పట్టించాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే. ఫ్రేమ్‌కు బయటివైపు ఒక బోర్డు, దానిపై నీటిని ఆపి ఆవిరిని వదిలే పొర, దానిపై నిలువుగా 25 మిల్లీమీటర్ల పట్టీలు వస్తాయి. డబ్ల్యూపీసీకి పట్టీల మధ్య దూరం 400 మిల్లీమీటర్లు మించకపోవడం మంచిది. దూరం పెరిగితే ఎండకు మెత్తబడిన పలక మధ్యలో కుంగుతుంది.

పలకలు అడ్డంగా, కింది నుంచి పైకి వస్తాయి. మొదటి పలక నేలకు కనీసం 50 మిల్లీమీటర్ల పైన మొదలవ్వాలి. ఒక్కో పలకను మధ్యలో ఒక చోట స్క్రూతో గట్టిగా పట్టించి, మిగతా చోట్ల క్లిప్పుల్లో కదిలేలా వదిలేస్తారు. అప్పుడు సాగుడు రెండు చివరలకూ సమానంగా పంచబడుతుంది. రెండు పలకల చివరల మధ్య వదలాల్సిన సందు పని చేసే రోజు వేడిని బట్టి మారుతుంది. డిసెంబరులో ఎక్కువ, మేలో తక్కువ. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. అడుగున, పైన గాలి సందులకు సన్నని జాలీ కొడితే పురుగులు, ఎలుకలు దూరవు. పలకలను నిలువుగా బిగించదలిస్తే పట్టీలు అడ్డంగా వస్తాయి కాబట్టి గాలి ఆడటానికి వాటి వెనక ఇంకో వరస నిలువు పట్టీలు కావాలి.

కలప పనికి అలవాటుపడ్డ వడ్రంగి పలకను పలకకు గట్టిగా ఆనించి, రెండు చివరలా మేకు దిగ్గొట్టడం సహజం. చెక్కకు అది సరైన పని. డబ్ల్యూపీసీ గోడలు ఉబ్బడానికి తరచూ కారణం అదే.

అగ్ని భద్రత

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయిన అగ్నిప్రమాదంలో మంటలు వేగంగా పాకడానికి పాలిథిలీన్ పొర ఉన్న అల్యూమినియం కాంపోజిట్ షీట్లు ప్రధాన కారణమయ్యాయి. ఆ తర్వాత ఇంగ్లండ్ 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడలకు మండే పదార్థాలను నిషేధించింది. డబ్ల్యూపీసీలో ప్లాస్టిక్, కలప రెండూ మండేవే. పెరట్లో విడిగా ఉన్న షెడ్డుకు ఇది కొంత చిన్న విషయం. ఐదో అంతస్తు మిద్దె మీద, కింద కుటుంబాలు, ఒకే మెట్లదారి ఉన్న చోట చిన్న విషయం కాదు. అలాంటి గదులకు, ముఖ్యంగా విద్యార్థులు ఉండే గదులకు, మండని ఫైబర్ సిమెంట్, ఎక్కువ భాగం సిమెంటే ఉన్న సిమెంటు-కలప బోర్డు మేలైనవి. లిఫ్ట్ మోటారు గది, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, గ్యాస్ సిలిండర్ల పక్కన ఏ ప్లాస్టిక్ పలకా పనికిరాదు. పలక వెనక ఉన్న గాలి సందు మంటకు పొగగొట్టంలా పనిచేస్తుంది కాబట్టి మండే పలక వాడితే ఆ సందును మధ్యమధ్య అడ్డుకట్టలతో విడదీయాలి.

బరువు, అనుమతి

నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండువైపులా ప్లాస్టరుతో చదరపు మీటరుకు సుమారు 250 కిలోల బరువు ఉంటుంది. స్టీలు ఫ్రేమ్‌కు రెండువైపులా 8 మిల్లీమీటర్ల ఫైబర్ సిమెంట్ బోర్డు వేసిన గోడ 30 కిలోల చుట్టూ ఉంటుంది. పాత స్లాబు మీద గది వేసేవారికి ఈ తేడా పెద్దది. తేలికైన గదిని గాలి లేపేయకుండా ఫ్రేమ్‌ను గట్టిగా బంధించాలి.

గోడ తేలికైనదైనంత మాత్రాన అనుమతి అవసరం పోదు. గోడలు, కప్పు ఉన్న మిద్దె గది భవన నిబంధనల్లో నిర్మాణమే. 2012 నాటి జీవో 168 భవన నిబంధనలు, 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం వర్తిస్తాయి. అపార్ట్‌మెంట్‌లో మిద్దె అందరిదీ కాబట్టి సంఘం ఒప్పుకోలు కూడా కావాలి.

ఆరోగ్యం, వ్యర్థాలు

ఫైబర్ సిమెంట్‌ను పొడిగా గ్రైండరుతో కోస్తే సిలికా ధూళి లేస్తుంది. అది ఊపిరితిత్తులకు హాని. గీత గీసి విరవడం, తడిపి కోయడం, మంచి మాస్కు పెట్టుకోవడం పనివారికి రక్షణ. పాత ఆస్‌బెస్టాస్ రేకుల గదిని తీసి కొత్తది కట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. రేకులను పగలగొట్టకుండా, నీళ్లు చల్లి, బోల్టులు విప్పి పూర్తిగా దించాలి. డబ్ల్యూపీసీని కోసినప్పుడు రాలే పొట్టు ప్లాస్టిక్‌తో కలిసినది. కుండీల మట్టిలో కలవనివ్వకుండా కింద పట్టా పరిచి ఎత్తాలి.

గది తీసేసిన రోజున పాత టేకు తలుపుకు, కిటికీకి మళ్లీ కొనేవారు దొరుకుతారు. స్టీలు ఫ్రేమ్ కిలోల లెక్కన అమ్ముడుపోతుంది. సిమెంటు బోర్డు ముక్కలు భవన వ్యర్థాల కిందికి వస్తాయి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడలలో వాటి శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. కర్ర కలిసిన ప్లాస్టిక్‌ను మాత్రం మామూలు ప్లాస్టిక్‌తో కలిపి కరిగించలేరు. అందుకే పాత డబ్ల్యూపీసీకి తుక్కు విలువ చాలా తక్కువ.

ఎంపిక

మిద్దె గది బయటి గోడకు, ముఖ్యంగా పడమటి వైపుకు, ఫైబర్ సిమెంట్ లేదా సిమెంటు-కలప బోర్డు లేత రంగులో సరిపోతుంది. పెర్గోలాకు, కుండీల మధ్య అడ్డుతెరకు, కూర్చునే బల్ల చుట్టూ క్యాప్డ్ హెచ్‌డీపీఈ డబ్ల్యూపీసీ బాగుంటుంది. నాలా దగ్గరి వీధుల్లో గేటు గదికి అడుగున రెండడుగులు రాయి లేదా సిమెంటు కట్టి, పైన పలక మొదలుపెట్టాలి. ఫోమ్ బోర్డును గది లోపలి అరలకు, తలుపుకు ఉంచాలి. చూరు లోతుగా ఉండి ఎండావానలు నేరుగా తగలని వరండాలో, చేయి ఆనే కటకటాలకు, తలుపుకు చేవ ఉన్న టేకు ఇప్పటికీ మంచి ఎంపిక. అది పాడైన చోట కొంత కోసి అతికించవచ్చు, కాంపోజిట్ పలకను పూర్తిగా మార్చాల్సిందే.

ఈ రకాలన్నిటికీ ఫ్రేమ్, పట్టీలు, క్లిప్పులు, కూలి దాదాపు ఒకటే. పలకలో మిగిల్చిన డబ్బు మొత్తం ఖర్చులో చిన్న భాగం. ఫ్రేమ్ తుప్పు పట్టినా, సాగుడుకు సందు వదలకపోయినా ఎంత మంచి పలకనైనా విప్పి మళ్లీ వేయాలి. అప్పుడు కూలి రెండోసారి పడుతుంది.